మా టిఫిన్ పైసలు ఎటు పోయినయంటే

మన స్కూల్ పాత విద్యార్థుల సంచిక కమిటీ వాళ్ళు వాట్సాప్ గ్రూప్‌ల మెసేజ్ పెట్టిన్రు, 1989 టెన్త్ బ్యాచ్ నుంచి ఎవరన్న ఒకరు రాయాలె అని, వారం దాకా అందరూ దండం ఎమోజీ పెట్టుకుంట తప్పించుకున్నరు, ఆఖరికి నా మీద పడ్డది. సార్ల గురించి, ప్రేయర్ గురించి, స్పోర్ట్స్ డే గురించి ఫస్ట్ బెంచోళ్ళు ఎట్లాగూ రాస్తరు. నాకైతే స్కూల్ అనంగనే యాదికొచ్చేది గేటు బయట మనం తిన్నయి, తాగినయి. అందుకే హోటళ్ళ గురించి రాస్తున్న. హోటల్ అంటే మన హైదరాబాదోళ్ళకు రూం తీసుకునేది కాదు కదా, చాయ్ తాగేది.

నేను పుట్టింది 1974లో, నిలోఫర్ దవాఖానల. రెడ్‌హిల్స్‌ల ఆ దవాఖాన పక్కన ఇప్పుడు కేఫ్ నిలోఫర్ ఉంది, మనోళ్ళు ఫారిన్ నుంచి దిగంగనే ఎయిర్‌పోర్ట్ నుంచి సీదా అక్కడికే పోయి ఉస్మానియా బిస్కెట్‌తోని ఫోటో పెడుతున్నరు. నేను పుట్టినప్పుడు మా బాపు అక్కడే చాయ్ తాగి ఉంటడని చాలా ఏండ్లు అందరికీ గొప్పగా చెప్పిన, తర్వాత చూస్తే ఆ కేఫ్ బోర్డు మీద 1978 అని ఉన్నది. మరి ఆ పొద్దు మా బాపు ఏ హోటల్ల కూసున్నడో ఆయననే అడగాల్సింది, అడగలే.

సరే, అసలు విషయం. నారాయణగూడల మన స్కూల్ గేటు నుంచి ఎడమకు తిరిగితే మూల మీద ఇరానీ హోటల్ ఉండె కదా, పేరు రాయను, అప్పుడు చదివినోళ్ళకు అక్కర్లేదు, ఇప్పటోళ్ళకు రాసినా తెల్వదు. తెల్ల పాలరాయి టేబుళ్ళు, నల్ల కట్టె కుర్చీలు, గోడలకు నిలువెత్తు అద్దాలు, ఒక మూలకు పర్దా కట్టిన ఫ్యామిలీ రూం, ఆ పర్దా వెనక ఏముంటదో చూడాలని మనకు ఐదేండ్లు ఆశ, ఒకనాడు ధైర్యం చేసి తొంగి చూస్తే ఒక ముసలాయన చెప్పులిప్పి బెంచీ మీద నిద్రపోతున్నడు. చాయ్ రూపాయి లోపే గని ఆ రూపాయి ఎవరి దగ్గరుంటుండె? అందుకే టూ బై త్రీ. రెండు చాయ్‌లు, ఒక ఖాళీ కప్పు. మనం ఆరుగురం ఉంటే నాలుగు చాయ్‌లు, రెండు ఖాళీ కప్పులు. లెక్కల సార్ భిన్నాలు ఎన్నిసార్లు చెప్పినా రాలేదు గని అక్కడ మాత్రం ఒక్క చుక్క తేడా రాకుండ పంచేటోళ్ళం.

ఇంట్ల అమ్మ పెట్టే చాయ్‌కి దానికి ఏం తేడా అని అప్పుడు అర్థం కాలే. పెద్దగైనంక ఒక హోటల్ల వంటింటి వైపు నిలబడి చూసిన. రాగి డేక్చాల ఆకు, నీళ్ళు పోసి మూత చుట్టూ గుడ్డ బిగించి సన్న మంట మీద దమ్ పెడతరు, బిర్యానీకి పెట్టినట్టే. పాలు వేరే పొయ్యి మీద గంటలకొద్దీ మరిగి మరిగి చిక్కపడి కొద్దిగ ఎర్రరంగుకు తిరుగుతయి. ఆ రెండూ కలిసేది కప్పులనే, అంతకు ముందు కలవవు. చక్కెర మాత్రం లెక్క లేదు, చెంచా నిలబడేటట్టు వెయ్యమని అడిగి తాగేటోళ్ళు ఉండె, ఖడే చమ్చే కీ చాయ్ అని. అసలు ఆ చాయ్ కన్నా గొప్పదేందంటే అది తాగినంక కూడా లెవ్వమనేటోడు ఎవ్వడు లేకపోవుడు. సగం కప్పు చాయ్ మీద గంటన్నర కూసునేటోళ్ళం, క్రికెట్ మాట్లాడేటోళ్ళం, పక్క టేబుల్ల ముసలోళ్ళు ఉర్దూ పేపర్ ఒక్కొక్క షీటు పంచుకొని చదివేటోళ్ళు. ఇంట్ల చూస్తే రెండు రూములు, ఏడుగురు మనుషులు. కుర్చీ మీద కూసొని కాళ్ళు చాపింది నేను ఫస్ట్ ఆ హోటల్లనే.

సమోసా కథ చెప్పకపోతే మన బ్యాచ్ లంబూ ఫోన్ చేసి తిడతడు, చెప్తే ఇంకా ఎక్కువ తిడతడు, ఏదైతే అదైంది. కొత్త పిల్లలకు తెల్వదు గని ఇరానీ హోటల్ల మనం అడగకముందే వెయిటర్ ప్లేట్ నిండ చిన్న సమోసాలు తెచ్చి టేబుల్ మీద పెట్టి పోతడు, ఉల్లిగడ్డ సమోసా, పైన పొర కాగితం లెక్క పలచగ, కొరికితే కరకర అని ఒడిల పడతది. ఎన్ని తింటే అన్నింటికే పైసలు, మిగిలినయి అట్లనే పక్క టేబుల్‌కు పోతయి. పోయేటప్పుడు వెయిటర్ ఉన్నకాడి నుంచే గల్లా మీది సేట్‌కు అరిచి చెప్తడు, ఎవరిది ఎంత అని. బిల్లు కాగితం లేదు, ఏం లేదు. ఒకనాడు లంబూ ప్లేట్ నుంచి ఒకటి తీసి తెల్ల యూనిఫాం జేబుల వేసిండు. మేం అందరం చూసినం, వెయిటర్ చూడలే అనుకున్నం. పైసలు కట్టేతందుకు లైన్ల నిలబడ్డం, వెనక నుంచి గొంతు, ‘‘చార్ చాయ్, పాంచ్ సమోసా, ఔర్ ఏక్ లంబూ కే జేబ్ మే!’’ హోటల్ మొత్తం తిరిగి చూసింది. అప్పటికే జేబు మీద రూపాయి బిళ్ళంత నూనె మరక. సేట్ నవ్వలే, తిట్టలే, ఆరింటికి పైసలు తీసుకొని చిల్లర లెక్కపెట్టి ఇచ్చిండు. వాడు ఆ సమోసాను స్కూల్ గోడ వెనక తిన్నడు, మాకు ముక్క కూడా ఇయ్యలే. ఆ షర్ట్ మరక టెన్త్ గ్రూప్ ఫోటోల కూడా ఉన్నది, మూడో లైన్ల ఎడమ నుంచి నాలుగోవాడు, జూమ్ చేసి చూడుండ్రి.

ఆదివారాలు వేరే కథ. బాపు నన్ను కింగ్ కోఠి మీదుగ నడిపించుకుంట ఆబిడ్స్ తీసుకపోయేటోడు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజార్ ఉంటది కదా, ఆదివారం షాపులు బంద్ ఉంటయి గనుక షట్టర్ల ముందు పుస్తకాలు పరిచి అమ్ముతరు. నా గైడ్లన్నీ అక్కడియే, అందరి గైడ్ల మీద ఒక పేరుంటే నా గైడ్ల మీద నాలుగు పేర్లు కొట్టేసి ఉండేవి. కొన్నంక తాజ్‌మహల్ హోటల్. 1948 నుంచి ఉన్న హోటల్ అది. ఇడ్లీ సాంబార్, సాంబార్ కొద్దిగ తీపి, ఉడిపోళ్ళ పద్ధతి, మా అమ్మకు అస్సలు నచ్చేది కాదు, బెల్లం పానకం అనేది. నాకు ఇప్పటికీ సాంబార్ అంటే అదే. బాపు ఇడ్లీ తినకపోయేది, కడుపు నిండింది అని కాఫీ ఒక్కటే తాగేటోడు, నేను తింటుంటే గైడ్‌ల పేజీలు తక్కువున్నయా అని చూస్తుండేటోడు. ఒకే ప్లేట్‌కు పైసలు ఉండేటివని నాకు తట్టేసరికి నేను ఉద్యోగంల చేరిన. ఆబిడ్స్‌లనే ఓరియంట్ హోటల్ అని ఉండె, మఖ్దూం మొహియుద్దీన్ లాంటి పెద్ద పెద్ద కవులు కూసొనేటోళ్ళని బాపు బయట నుంచి చూపించేటోడు, లోపటికి మాత్రం ఎప్పుడూ పోలే. అది మూతపడ్డది. 1935 నాటి గ్రాండ్ హోటల్‌కు మాత్రం తర్వాత నేనే చాలాసార్లు పోయిన.

ఇక మోజంజాహీ మార్కెట్. రాతి గడియారం స్తంభం కింద ఫేమస్ ఐస్‌క్రీం, పక్కనే షా. బయట కుర్చీలేసి ఉంటయి. సీజన్‌ను బట్టి పండు, ఎండకాలం మామిడి, దసరా దాటినంక సీతాఫలం. ఆ సీతాఫలం ఐస్‌క్రీంల గింజ తీసిన గుజ్జు నారనారగ నాలుకకు తగులుతది, ఎసెన్స్ కొట్టిన సరుకు కాదు. నా వరకు హైదరాబాద్ అంటే బిర్యానీ తర్వాత, ఇది ముందు. ఈ మాటకు గ్రూప్‌ల నన్ను ఎన్నిసార్లు తిట్టిన్రో.

బిర్యానీ గురించి రాయకపోతే కమిటీ అచ్చు వెయ్యదు కాబట్టి రెండు లైన్లు. ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్‌ల సుదర్శన్‌లనో సంధ్యలనో సినిమా, బయటికొస్తే బావర్చీ. ఊరు నిండ అదే పేరుతోని హోటళ్ళు పుట్టుకొచ్చినయి, వీళ్ళేమో మాకు వేరే బ్రాంచీలు లేవని బోర్డు పెట్టుకున్నరు. సింగిల్ చెప్పి ఇద్దరు తింటే కూడా మిగిలేది. రంజాన్ల చార్మినార్ దగ్గర మదీనా దిక్కు హలీమ్. అంతే, బిర్యానీ మీద రాసేతందుకు వేరేటోళ్ళు చాలామంది ఉన్నరు.

కోఠీల గోకుల్ చాట్ మనందరికీ తెల్సిందే, ట్యూషన్ ఎగ్గొట్టి దహీవడ. 2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం నేను పుణెల ఉన్న. టీవీల బాంబులు పేలినయని చెప్తున్నరు, ముందు లుంబినీ పార్క్ అన్నరు, తర్వాత గోకుల్ అన్నరు. ఫోన్లు కలుస్తలేవు. మన బ్యాచ్‌ల ఎవరెవరు ఆ దిక్కు ఉంటరో ఒక్కొక్కల పేరు కాగితం మీద రాసుకొని కొట్టుకుంట కూసున్న, రాత్రి ఒంటిగంటకు ఆఖరి పేరు కొట్టేసిన. మనోళ్ళు అందరూ బాగనే ఉన్నరు, గని ఆ రోజు అక్కడ తినేతందుకు పోయినోళ్ళు కూడా మనలాంటోళ్ళే కదా. మళ్ళ తెరిచిన్రు. నేను పోయిన, పిస్తా కుల్ఫీ తీసుకొని నిలబడి తిన్న, ఎప్పటికంటె తొందరగ తిన్న.

పోయిన ఏడు స్కూల్ దిక్కు పోయిన్నప్పుడు మన మూల మీది హోటల్ కోసం చూసిన, మందుల షాప్ అయింది. లోపల ఒక పక్క గోడకు పాత అద్దం అట్లనే ఉంచిన్రు. బీపీ గోలీలు కొనుక్కుంట అద్దంల చూసుకున్న, అదే అద్దంల మీసం వచ్చిందా లేదా అని చూసుకున్నోన్ని. ఇప్పుడు కొత్త కేఫ్‌లల్ల టోకెన్ తీసుకోవాలె, నిలబడి తాగాలె, వెనకోడు చూస్తుంటడు. చాయ్ బాగనే ఉంటది, కాదనను.

కమిటీకి ఒకటే రిక్వెస్ట్. రీయూనియన్ జనవరిల పెడదామని అంటున్నరట, ఫంక్షన్ హాల్, బఫే, డీజే అన్నీ చూసిన్రట. జనవరికి సీతాఫలం అయిపోతది. అక్టోబర్ల పెట్టుండ్రి, బఫే తర్వాత మోజంజాహీ మార్కెట్‌కు ఆటోల పైసలు నేను కడత. లంబూ వస్తనంటే రమ్మనండ్రి, గని జేబుల్లేని షర్ట్ తొడుక్కొని రావాలె.