కిడ్నీ డిటెక్టర్ కాదండి, నాడి పట్టీ

మాది కవిటి దగ్గర పల్లె. చదివేది విజయనగరంలో, ఇంజినీరింగ్ ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్). ఒంటికి కట్టుకునే పరికరం మీద ప్రాజెక్టు చేస్తున్నానని చెప్పగానే, ఉద్దానం కుర్రాణ్ణి కదా, “కిడ్నీ జబ్బుని ముందే పట్టేస్తుందా?” అని అడుగుతారు. పట్టదు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ తెలియాలంటే రక్తం తీయాల్సిందే. అసలు ఉద్దానంలో ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. ఎండలో చాకిరీ, ఒంట్లో నీరు తగ్గడం అన్నవి అనుమానాల్లో కొన్ని, అంతే. పోస్టర్ మీద ‘కిడ్నీ డిటెక్టర్’ అని రాస్తే బహుమతి వస్తుందేమో గానీ, రేపు ఊళ్లో మావాళ్లకి సమాధానం చెప్పుకోవాల్సింది నేను.

నా పట్టీ పని చిన్నది. ఎండలో కొబ్బరికాయలు వలిచే మనిషి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూడాలి. ఆ చిన్న పనే చుక్కలు చూపిస్తోంది.

లోపలున్నది మ్యాక్స్30102 అనే చిప్. 660 నానోమీటర్ల ఎరుపు వెలుగు, 880 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ చర్మంలోకి పంపి, తిరిగొచ్చేదాన్ని కొలుస్తుంది. గుండె కొట్టినప్పుడల్లా అక్కడ రక్తం పెరిగి ఆ వెలుగు కాస్త తగ్గుతుంది. కాస్త అంటే, వేలి దగ్గర మొత్తం సిగ్నల్‌లో 1-2 శాతం. మణికట్టు దగ్గర ఇంకా తక్కువ. ల్యాబ్‌లో ఫ్యాన్ కింద వేలు పెట్టి కూర్చుంటే స్క్రీన్ మీద అలలు ముచ్చటగా వస్తాయి. కాలేజీలో ప్రాజెక్టు రివ్యూల్లో అందరం చూపించేది అదే.

చిన్నాన్న చేతికి కట్టి చూశాను. నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి, ఒళ్లంతా వాల్చి డొక్క ఊడదీస్తాడు. గుచ్చిన ప్రతిసారీ మణికట్టు అదురుతుంది, సెన్సర్ చర్మం మీద రవ్వంత జరుగుతుంది, ఆ రవ్వంతే నాడి కన్నా ఎన్నో రెట్లు పెద్ద అలై కూర్చుంటుంది. పట్టీ లెక్కపెట్టింది గుండెని కాదు, గునపం పోట్లని.

“ఫిల్టర్ పెట్టొచ్చు కదా” అంటారు. కరెంటు లైన్ల నుంచి సిగ్నల్‌లో కలిసే హమ్ అయితే 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు; నాడి 0.5 నుంచి 4 లోపు, కోసేయడం తేలిక. కానీ మనిషి నడకే నిమిషానికి సుమారు 100 అడుగులు, అంటే 1.7 హెర్ట్జ్. పనిలో ఉన్నవాడి గుండె కూడా ఇంచుమించు అక్కడే కొట్టుకుంటుంది. ఇక ఏ ఫిల్టర్ విడదీస్తుంది?

అందుకని పక్కనే ఎంపీయూ6050 అనే కదలిక సెన్సర్ పెట్టి కదలికని విడిగా కొలుస్తున్నాను. 1960లో విడ్రో, హాఫ్ అనే ఇంజినీర్లు ఇచ్చిన ఎల్‌ఎంఎస్ పద్ధతితో (తప్పు తగ్గేలా తన లెక్కని తానే సవరించుకుంటూ పోయే ఫిల్టర్ అది), ఆ కదలికని పోలిన భాగాన్ని నాడి సిగ్నల్‌లోంచి తీసేస్తున్నాను. నడకకి బాగానే ఉంది. గునపం పోటుకి లొంగలేదు: చెయ్యి కుదుపుకీ, సెన్సర్ జరిగే తీరుకీ పొంతన కుదరదు. మోచేతి పైకి కడితే కొంత నయం. వాచీల్లో లాగా ఆకుపచ్చ ఎల్‌ఈడీ అయితే ఇంకాస్త మెరుగు, ఆ వెలుగు లోతుకి పోదు కాబట్టి కదలిక గోల తక్కువ. ఇదే రకం చిప్ మ్యాక్స్30101లో ఆ ఎల్‌ఈడీ ఉంది, వచ్చే బోర్డు దానితోనే. ప్రస్తుతానికి చెయ్యి ఆగినప్పుడు మాత్రమే నాడి తీసుకోమన్నాను. ఇరవై నాలుగ్గంటలూ కొలిచేస్తాం అనే ప్రకటనలు చూస్తే ఇప్పుడు నవ్వొస్తోంది.

చిన్నాన్నకి ఇవేవీ పట్టవు. “నెంబరు సూసి నానేటి సేస్తానురా? పనాపి నీల్లు తాగమని సెప్తాదా అది?” అన్నాడు. ఏ రివ్యూలోనూ నాకు ఇంత పనికొచ్చే ప్రశ్న ఎదురవలేదు. పని ఆపి నిలబడ్డాక కూడా గుండె వేగం దిగకపోతే అదిరేలా, ఫోన్‌లో ఉండేలాంటి వైబ్రేషన్ మోటార్ పెట్టాను. బిళ్లంత ఉంటుంది గానీ పదుల మిల్లీయాంపులు లాగుతుంది. పట్టీని నడిపే ఈఎస్‌పీ32 చిప్ పిన్‌కి నేరుగా కలపకూడదు, మధ్యలో ట్రాన్సిస్టర్, మోటార్‌కి అడ్డంగా డయోడ్ ఉండాలి. తీరా అది అదిరితే పక్కనున్న సెన్సర్లు రెండూ అదురుతున్నాయి. మోటార్ తిరిగినంతసేపు వచ్చే రీడింగులు పారేయమని కోడ్‌లో రాసేశాను.