రూమ్ ఫ్రీ

కల్వకుర్తి దిక్కు మా ఊర్లకెళ్లి హైదరాబాద్‌కు వాచ్‌మన్ పనికి పోయేటోళ్లు చానా మంది. పని కుదిర్చేటాయన చెప్పే మాట ఒకటే: "జీతం కొంచెం తక్కువ, గానీ రూమ్ ఫ్రీ."

ఆ ఫ్రీ రూమ్ నేను చూసిన. కూకట్‌పల్లిలో ఓ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ సెల్లార్‌ల మా చిన్నాయన వాళ్లుంటరు. ర్యాంపు దిగి చివరికంటా పోతే, లిఫ్టు గుంతకూ సంపుకూ నడుమ ఓ అర్ర. కిటికీ ఉన్నది, అది పార్కింగులోకే తెరుచుకుంటది. పొద్దుగాల ఆఫీసు కార్లు స్టార్టయితే చిన్నమ్మ కూర గిన్నె మీద మూత పెట్టి తలుపు దగ్గరికేస్తది. బట్టలు ఫ్యాన్ కింద ఆరేసినా ముక్కవాసన పోదు. టెర్రస్ మీద ఆరేయొద్దని అసోసియేషన్ వాళ్లు చెప్పిండ్రు. (ఆ టెర్రస్ ఊడ్చేది చిన్నమ్మనే.)

జీతం 9,000. అక్కడే ఉంటడు కాబట్టి డ్యూటీకి టైమంటూ లేదు. తెల్లారుజామున నల్లా వస్తే వాల్వు తిప్పాలె, అర్ధరాత్రి హారన్ కొడితే గేటు తియ్యాలె. పని మానేస్తే ఆ రోజే ఇల్లు కూడా పోతది. ఇంక జీతం పెంచుమని ఏ నోటితోటి అడుగుతడు?

2020 అక్టోబర్ 13 రాత్రి వానకు ర్యాంపు మీదికెళ్లి నీళ్లు దిగినయి. చిన్నాయన మొదలు ఫ్లాట్ల తలుపులు కొట్టి కార్లు తీపిచ్చిండు. రూమ్‌కు వచ్చేసరికి బియ్యం బస్తా, పిల్ల టెన్త్ పుస్తకాలు నీళ్లల్ల ఉన్నయి. తర్వాత అసోసియేషన్ పైసలేసుకొని కొత్త మోటరు కొన్నది. పుస్తకాలు మేము కొన్నం.

2021 సెప్టెంబర్‌ల ఐడా తుఫాను వానకు న్యూయార్క్ బేస్‌మెంట్ ఇండ్లల్ల 11 మంది చనిపోయిండ్రు. మరుసటేడు ఆగస్టుల సియోల్‌ల, సగం భూమిలోకి ఉండే ఇంట్ల ఒకే కుటుంబంల ముగ్గురు మునిగి చనిపోతే, అసొంటి ఇండ్లు ఇగ ఉండొద్దని అక్కడి నగర సర్కారు ప్రకటించింది. మన దగ్గర 2012 బిల్డింగ్ రూల్స్ ప్రకారం సెల్లార్ పార్కింగు కోసమే. పదో వంతు దాకా జనరేటర్ అసొంటివి పెట్టుకోవచ్చు గానీ మనుషులు ఉండొద్దు. అంటే కాగితం మీద మా చిన్నాయన అక్కడ లేనే లేడు. రేపు ఎవరన్న ఆ రూల్ పట్టుకొని ఖాళీ చేపిస్తే, 9,000ల కిరాయి ఎంత, తిండి ఎంత?

మొన్న దసరాకు వచ్చినప్పుడు చిన్నమ్మను అడిగిన, పైన ఎక్కడన్న వెలుతురున్న రూమ్ ఇయ్యమని అడగరాదా అని.

"ఇస్తరు బిడ్డా," అన్నది పిండి కలుపుకుంటనే. "జీతంల పట్టుకుంటరు."