మద్ది బుడిపెలో నాలుగు గిన్నెలు

హనుమకొండలో ములుగు రోడ్డు ఎక్కి ఆత్మకూరు, గూడెప్పాడ్ దాటాక మల్లంపల్లి వస్తుంది. అక్కడి నుంచి చెట్లు చిక్కబడతాయి. ఈ దారిన పోయేవాళ్లు రామప్పకో, లక్నవరానికో, మేడారానికో పోతారు. నేను పోయింది ఒక చెట్టు బుడిపె కోసం. ములుగు అవతల ఒక ఊళ్లో పొలం గట్టు మీది పెద్ద నల్లమద్ది గాలివానకు కూలిందట. దాని మొదట్లో రెండు చేతులు చాపినా అందనంత బుడిపె ఉందని, పచ్చిగా ఉండగానే లేత్ (కట్టెను గిర్రున తిప్పే యంత్రం) మీదికి ఎక్కిస్తున్నామని మిత్రుడు ఫోన్ చేశాడు. కట్టె పనంటే నాకు ప్రాణం. ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు.

బుడిపె కోసం బతికున్న చెట్టును కోయడం నాకు అస్సలు నచ్చదు. అంత పెద్ద గాయం మానేలోపు బూజు లోపలికి దిగి కాండాన్ని తినేస్తుంది. ఇక్కడ చెట్టు తనంతట తానే పడింది. పట్టా భూమిలోది, వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం కింద అనుమతి కూడా తీసుకున్నారు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలికి వేలాది చెట్లు కూలినప్పటి నుంచి ఇటువైపు పచ్చి దుంగ కనబడితే చాలు, అడవిదా అని అడుగుతున్నారట. అందుకే ఆ కాగితాన్ని షెడ్డు గోడకే అంటించారు.

షెడ్డు ఒక పెద్దాయనది. ఊరంతా ఆయన్ని కాకా అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. మంచం కోళ్లు, రోకళ్లు, పప్పుగుత్తులు తిప్పిన చెయ్యి. బుడిపెను అప్పటికే రెండు చెక్కలు చేసి, ఒకదాన్ని గుండ్రంగా చెక్కి పెట్టారు. 18 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల మందం, దగ్గర దగ్గర 40 కిలోలు. ఇద్దరం పట్టి ఎత్తితే గానీ లేత్ దాకా రాలేదు.

చెట్టుకు దెబ్బ తగిలిన చోటో, పురుగో బూజో పట్టిన చోటో ఒక్కోసారి మొగ్గలు గుంపుగా పుట్టి, కొమ్మలై బయటికి రాలేక లోపలే ఉండిపోతాయి. వాటి చుట్టూ ఏటేటా కట్టె పెరిగి బుడిపె కడుతుంది. అందుకే లోపల నార ఒక దారిన పోదు, అన్ని దిక్కులా తిరుగుతుంది. ఆ మొగ్గల జాడలే కోసిన చోట కన్నులుగా కనిపిస్తాయి. గొడ్డలికి లొంగదు, పొయ్యిలోకి చీల్చడం కష్టం. వడ్రంగి వద్దనే ఆ గుణమే గిన్నెకు వరం. ఎండేటప్పుడు తిన్నని నార ఉన్న కట్టెలాగా ఒకే గీతన నిలువునా పగలదు.

ముందు బయటి వైపు తిప్పారు. మొదట్లో లేత్ ఊగిపోయింది, కాకా నిదానంగా వేగం పెంచాడు. ఉలి ఆనగానే పొట్టు కంటే ముందు నీళ్లు వచ్చాయి. పాపికొండల అడవిలో నల్లమద్ది బెరడు కోయగానే నీళ్లు ధారగా చిమ్మిన వీడియో 2024లో అందరి ఫోన్లలో తిరిగింది కదా, ఆ చెట్టు జాతే ఇది. గోడ మీద, నా చొక్కా మీద, ముఖానికి పెట్టుకున్న షీల్డ్ మీద చుక్కలు చారలుగా పడ్డాయి. కాసేపటికి ఉలి తగిలిన చోటల్లా కట్టె మీద నీలి నలుపు మరక లేచింది. కాకా వేళ్లు కూడా నల్లబడ్డాయి. మద్దిలోని వగరు పదార్థం ఇనుముతో కలిస్తే అంతే. కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుప కసిమితో (ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లతో) నలుపు తెప్పించేదీ ఈ గుణంతోనే. కరక్కాయ, మద్ది రెండూ టెర్మినేలియా అనే ఒకే ప్రజాతివి అని చెబితే కాకా, "అట్లనా బిడ్డా, మరి నిమ్మకాయకు పోతది సూడు" అని తడి చెక్క మీద నిమ్మచెక్క రుద్దాడు. మరక చాలావరకు పోయింది.

మామూలుగా గిన్నె తిప్పితే లోపలి కట్టె అంతా పొట్టయి పోతుంది. ఇంత మొద్దు నుంచి ఒక్క గిన్నె తీసి మిగతాది చెత్తబుట్టలో పోయడం నాకు పాపం అనిపిస్తుంది. దానికి మందు వంపు కత్తి, అది ఒకే మొద్దులోంచి ఒకదాని లోపల ఒకటిగా గిన్నెలు కోసి తీస్తుంది. న్యూజిలాండ్‌లో మెక్‌నాటన్, వుడ్‌కట్, కెనడాలో వన్‌వే అనే పేర్లతో ఇలాంటివి దొరుకుతాయి. మా మిత్రుడు హనుమకొండలో ఒక వర్క్‌షాప్‌లో చేయించుకున్నాడు. గట్టి స్టీలు బద్దీని గిన్నె వంపులో వంచి, కొసన కోసే పలుకు అతికించారు. పలుకు బద్దీ కంటే కాస్త వెడల్పు ఉండాలి, లేకపోతే తాను కోసిన సందులో తానే ఇరుక్కుంటుంది.

మొద్దును తిరగేసి అడుగు భాగాన్ని లేత్ పట్టు అయిన చక్‌లో బిగించారు. అన్నిటికంటే చిన్న గిన్నె ముందు తీస్తారు, అప్పుడు చుట్టూ బలం మిగిలి ఉంటుంది. ఎదురు వైపు నుంచి నొక్కి పట్టే టెయిల్‌స్టాక్ ఆనించి, వేగం నిమిషానికి 500 చుట్లకు దించారు. అంత తక్కువలో కూడా అంచు గంటకు 40 కిలోమీటర్లు దాటి పరిగెత్తుతుంది. కత్తి లోపలికి దిగాక కొస ఎక్కడుందో కంటికి కనబడదు. అంతా చెవి పనే. బాగా కోస్తున్నంత సేపు ఒకే తీరుగా గరగర వినిపిస్తుంది. సందులో తడి పొట్టు బిగిస్తే సన్నగా కీచుమంటుంది. అప్పుడు మిత్రుడు కత్తిని వెనక్కి లాగి, పొట్టు దులిపి, మళ్లీ దించుతాడు.

"చెవి పెట్టి ఇను బిడ్డా, కొస నడిమికి అచ్చింది" అన్నాడు కాకా. నాకు తేడా తెలియలేదు, ఆయనకు తెలిసింది. లేత్ ఆపించాడు. నడుమ వేలు మందం కట్టె మాత్రమే మిగిలిందట. సందులో చెక్క సీల పెట్టి ఒక్క దెబ్బ వేస్తే 'టక్' మని విరిగింది. గిన్నె ఆకారపు దిమ్మె చేతిలోకి వచ్చింది. బోర్లించి చూస్తే అడుగంతా కన్నులే, పసుపు అంచుల నడుమ ముదురు గోధుమ రంగు సుడులు. ఇంతకాలం ఆ మొద్దు గర్భంలో ఉన్నది మొదట చూసింది మేమే అనుకుంటే ఒళ్లు పులకరించింది.

అలా 7, తొమ్మిదిన్నర, 13, 17 అంగుళాలవి నాలుగు వచ్చాయి. 13 అంగుళాలదాని పక్కన బెరడు దూరిన గుంట బయటపడింది, అందులో మెల్లగా జిగురు నింపారు. తిరిగేటప్పుడు అలాంటి చోటే ముక్క ఊడి ముఖం మీదికి వస్తుంది. షీల్డ్ లేకుండా ఈ పనికి ఎవరూ దిగొద్దు.

మధ్యాహ్నం పని ఆపి పాలంపేట పోయి రామప్ప చూసివచ్చాం. 1213 నాటి గుడి. కాకా శిల్పాల దగ్గర ఆగలేదు. స్తంభాల మీది గుండ్రటి పట్టీలను అరచేత్తో తడుముతూ ఒక్కో స్తంభం చుట్టూ తిరిగాడు.

తిరిగొచ్చాక మిగిలింది ఆరబెట్టే పని. నా లెక్కలో సగం విద్య ఇక్కడే ఉంది. గోడ మందం వెడల్పులో పదో వంతు ఉంచారు, 17 అంగుళాలదానికి అంగుళమున్నర పైనే. పచ్చి కట్టెలో తేమ 30 శాతం కిందికి దిగినప్పటి నుంచి అది ముడుచుకోవడం మొదలుపెడుతుంది, గిన్నె కోలగా వంకర పోతుంది. మందం ఉంటేనే రెండోసారి తిప్పి గుండ్రం చేయగలం. బుడిపె కాబట్టి పైన గతుకులు కూడా లేస్తాయి. మా దిక్కు ఎండాకాలపు వడగాడ్పుకు పెడితే చిట్లిపోతాయని వానాకాలంలోనే తిప్పారు. కరిగించిన మైనం అంచులకు పూసి, కాగితపు సంచుల్లో చుట్టి, గాలి నేరుగా తగలని మూలన పెట్టారు. ఒక్కోదాని అడుగున తారీఖు, బరువు పెన్సిల్‌తో రాశారు. వారానికోసారి తూకం వేస్తారు. బరువు తగ్గడం ఆగితే ఎండినట్టు. అంత మందానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.

పూత దగ్గర మాత్రం మాట కలవలేదు. మంచం కోళ్లకు పట్టించినట్టు లక్కే పెట్టాలంటాడు కాకా. తినే పదార్థం వేసుకునే గిన్నెకు అవిసె నూనె చాలని, అది గాలికి తానే గట్టిపడుతుందని, కన్నుల అందం కూడా అప్పుడే తెలుస్తుందని నేనన్నాను. చివరికి 17 అంగుళాలదానికి లక్క, చిన్నవి రెంటికీ నూనె అని ఒప్పుకున్నారు. 13 అంగుళాలది చెట్టు యజమాని రైతుది, ఏది పూయాలో ఆయనే చెబుతాడు.