ఒంటిమిట్టకు ఊరికే వెళ్లిన రోజు

డిగ్రీ ఆఖరి సెమిస్టర్ పరీక్షలు ఇంకో రెండు రోజులుందనగా వాయిదా పడ్డాయి. ఏకంగా 12 రోజులు. కడపలో మా హాస్టల్ ఒక్క పూటలో సగం ఖాళీ అయింది. ఊరికి వెళ్తే చదివిందంతా మర్చిపోతానేమోనని టెన్షన్‌తో నేను మాత్రం ఉండిపోయాను. గోడకు కొత్త టైంటేబుల్ అంటించాను. గంటకోసారి దాన్ని చూసుకోవడమే తప్ప, మూడు రోజుల్లో ఒక్క పాఠం కూడా తలకెక్కలేదు. రాత్రి దండం పెట్టుకుంటే నోటికొచ్చేది ఒకటే మాట: "సామీ, ఈ రోజులు వృథా కానీయొద్దు." ఇప్పుడు తలుచుకుంటే ఆ దండంలో ఉన్నదంతా భయమే.

అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. "నువ్వు అడగకుండా వచ్చిన రోజులు గదా పాపా. ఇచ్చినాయన మీదే భారం వేసి, ఒకసారి ఒంటిమిట్టకు పోయిరా" అంది.

మర్నాడు పొద్దున్నే రాజంపేట బస్సెక్కాను. నోట్సు బ్యాగులో పెట్టుకునే వెళ్లాను. 25 కిలోమీటర్ల పైచిలుకు దారి. భాకరాపేట దాటేదాకా యూనిట్లు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

పండగ రోజు కాదు కాబట్టి గుళ్లో జనం పల్చగా ఉన్నారు. గర్భగుడి ముందు తోసేవాళ్లెవరూ లేరు. కోదండరాముడు, సీతమ్మ, లక్ష్మణుడు ముగ్గురూ ఒకే శిలలో ఉంటారు. అందుకే దీన్ని ఏకశిలానగరం అన్నారు. ఆ ముగ్గురి దగ్గర హనుమంతుడు ఉండడు. రాముడు ఆయన్ని కలుసుకోక ముందు నాటి రూపం ఇదని పెద్దలు చెబుతారు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఆ రోజు మాత్రం అక్కడి నుంచి కదల్లేకపోయాను. సాయం రావలసినవాడు ఇంకా రాలేదు. ఎప్పుడొస్తాడో తెలియదు. అయినా ఆ ముఖంలో తొందర లేదు. నాకు కళ్లు తడిశాయి. 12 రోజులకే నేనెంత అల్లాడిపోయాను!

బయట మండపంలో 32 స్తంభాలున్నాయి. ఒకదానికి ఆనుకుని కూర్చున్నాను. పక్కన ఒక అవ్వ కొబ్బరిముక్క చేతిలో పెట్టింది.

"ఏం మొక్కుకున్నావు పాపా?"

"ఏం లేదవ్వా. ఊరికే వచ్చినా."

"ఊరికే వచ్చేవాళ్లంటేనే సామికి ఇష్టంలే."

ఆమె మళ్లీ ఏమీ మాట్లాడలేదు. రాయి చల్లగా ఉంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, ఫోన్ చూడలేదు. అడిగినదాని కోసం ఎదురుచూడకుండా దేవుడి దగ్గర కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

ఈ గుడిలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే మనిషి ఒకాయన ఉన్నారు, వావిలికొలను సుబ్బారావు గారు. 1863లో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేసిన మనిషి, టెంకాయ చిప్ప చేతబట్టుకుని ఊరూరా భిక్షమెత్తి ఈ గుడిని బాగు చేయించారు. తన రోజులన్నీ రాముడివే అనుకున్న మనిషి కాబట్టి చేయగలిగారు. నేను పన్నెండింటిని కూడా వదలలేకపోయాను కదా అని మనసు చివుక్కుమంది. అప్పుడే, అక్కడే, ఆ స్తంభం దగ్గరే, మిగిలిన ఎనిమిది రోజులూ రాముడికి అప్పజెప్పాను. ఎలా గడపాలో చెప్పమని కూడా అడగలేదు.

మధ్యాహ్నం ఎండలో రోడ్డు మీదికొచ్చి కడప బస్సు కోసం నిలబడ్డాను. బ్యాగులో నోట్సు ఉందన్న సంగతి హాస్టల్‌కొచ్చి నీళ్ల సీసా తీస్తుంటే గుర్తొచ్చింది. గోడ మీది టైంటేబుల్ పీకేసి, కిటికీ పక్కన కూర్చుని మొదటి పాఠం తెరిచాను. చీకటి పడేదాకా చదువుతూనే ఉన్నాను.