2025 సిరీస్ డైరీ: మూడు వారాల తర్వాత కూడా గుర్తున్నవే నా బెస్ట్

డిసెంబర్ 28, కడప

నేను పనిచేసేది మెడికల్ షాపులో, రాత్రి పదికి షట్టర్ దించి ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిని కూర్చునేసరికి పదిన్నర దాటుతుంది, అంటే రోజుకి గంటన్నర, గట్టిగా అనుకుంటే రెండు గంటలు నాకు దొరికేది. పోయినేడు దాకా ఏం చూసినానో డిసెంబర్‌కి గుర్తుండేది కాదు, ఎవరన్నా ఈ ఏడాది ఏది బాగుందిరా అంటే నవంబర్లో చూసినవే నోటికొచ్చేవి. అందుకే జనవరి 1న షాపులో ఊరికే పడున్న ఒక డైరీ తెచ్చుకుని లెక్క రాయడం మొదలుపెట్టినా.

ఐదు గడులు గీసుకున్నా. పేరు, యాడ చూసినా, ఎన్ని ఎపిసోడ్లు, అయిపోయిన రాత్రి వేసిన మార్కు, ఐదోది ఖాళీ. సరిగ్గా మూడు వారాలకి ఫోన్లో అలారం మోగుతుంది, అప్పుడు నెట్‌లో ఏమీ చూడకుండా ఆ సిరీస్‌లోంచి ఒక్క సీన్ ఆ ఖాళీలో రాయాల, గుర్తొస్తే సీను, రాకపోతే సున్నా, అంతే. ఏడాదికి మొదలుపెట్టినవి 31, పూర్తి చేసినవి 17, ఐదో గడిలో సున్నా పడకుండా బయటపడినవి ఎనిమిదే.

జనవరి నెల బలే మొదలైంది. నెట్‌ఫ్లిక్స్‌లో బ్లాక్ వారెంట్, 7 ఎపిసోడ్లు, తీహార్ జైలుకి కొత్తగా పోయిన జైలర్ కథ. ఆ రాత్రి 8 వేసినా, మూడు వారాలకి రంగా-బిల్లా ఉరి ఎపిసోడ్ మొత్తం పూసగుచ్చినట్టు రాసినా. తర్వాత ప్రైమ్‌లో పాతాళ్ లోక్ రెండో సీజన్, ఎనిమిది ఎపిసోడ్లు, జైదీప్ అహ్లావత్ వేసింది హాథీరామ్ అనే పోలీసు వేషం. నేను భయపడింది ఏందంటే మొదటి సీజన్ 2020లో వచ్చింది, మధ్యలో ఐదేళ్లు గ్యాప్, హాథీరామ్ ఎవరో అన్సారీ ఎవరో మర్చిపోయింటానేమో అని, కానీ మొన్నటిదాకా తన కింద పనిచేసిన కుర్రోడు అన్సారీ ఇప్పుడు ఐపీఎస్ అయి పైన కూర్చుంటే హాథీరామ్ మొహంలో కనపడే ఆ చిన్న ఇబ్బంది, అది చాలు పాతదంతా గుర్తుకురావడానికి. కథ నాగాలాండ్ పోతుంది, అక్కడి నాగామీస్ భాషలో మాటలు చానా ఉంటాయి, సబ్‌టైటిల్స్ లేకుండా కుదర్దు.

అదే నెలలో శివరపల్లి. పంచాయత్ సిరీస్‌ని తెలుగులో తీసినారు, రాగ్ మయూర్ సెక్రటరీ. హిందీది చూసినోడికి తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసిపోతా ఉంటుంది, నాకు 6. కానీ అమ్మ హిందీది చూల్యా, ఆమెకి మాత్రం ఇది పండగే, ఎనిమిది ఎపిసోడ్లూ రెండు మధ్యాహ్నాల్లో చూసేసింది. ఐదో గడి ఆమెనే అడిగి రాసినా: "ఆ పిల్లోడికి ఊర్లో ఉండబుద్ధి కాదు పాపం" అంది. సీన్ కాదు ఇది, అయినా సున్నా వేయబుద్ధి కాలా.

మార్చి. అడోలెసెన్స్. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఓపిక పట్టండి.

నాలుగే ఎపిసోడ్లు, ప్రతి ఎపిసోడూ ఒకే షాట్, మధ్యలో కట్ లేదు. పదమూడేళ్ల పిల్లోణ్ణి తెల్లారుజామున పోలీసులు తలుపు పగలగొట్టి ఎత్తుకుపోతారు, తనతో చదివే అమ్మాయిని పొడిచి చంపినాడని. సింగిల్ షాట్ అంటే జిమ్మిక్ అనుకున్నా ముందు. మూడో ఎపిసోడ్‌లో ఆ పిల్లోడూ సైకాలజిస్టూ ఒక గదిలో కూర్చుని మాట్లాడతారు, ఎపిసోడ్ అంతా దాదాపు ఇంతే. ఆమె వాడికి సగం శాండ్‌విచ్, ఒక హాట్ చాక్లెట్ తెస్తుంది. వాడు ఒకసారి నవ్వుతాడు, ఒకసారి లేచి అరుస్తాడు, మళ్లీ చిన్నపిల్లోడై కూర్చుంటాడు. వాణ్ణి తీసకపోయినాక ఆమె ఒక్కతే మిగులుతుంది, బల్ల మీద వాడు కొరికి వదిలేసిన ఆ శాండ్‌విచ్ ముక్క, దాన్ని తియ్యబోయి ముట్టుకోలేక చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. కట్ లేదు కాబట్టి మనం కూడా ఆ గదిలోంచి బయటికి రాలేం. నేను లేచి నీళ్లు తాగొచ్చి మళ్లీ కూర్చున్నా, పాజ్ చేసినందుకు నాకే తప్పు చేసినట్టనిపించింది.

ఆ పిల్లోడు ఓవెన్ కూపర్‌కి ఇది మొదటి వేషం, సెప్టెంబర్‌లో ఎమ్మీ అవార్డు కొట్టినాడు 15 ఏళ్లకే. మూడు వారాల తర్వాత ఐదో గడి సరిపోక పేజీ వెనక్కి తిప్పి రాసినా.

రెండో ఎపిసోడ్‌లో పోలీసాయనకి ఆయన కొడుకే చెప్తాడు ఇన్‌స్టాలో ఏ ఎమోజీకి ఏం అర్థమో, ఈయనకి ఒక్క ముక్క తెలీదు. ఎండాకాలం సెలవులకి మా అక్క కొడుకు వచ్చినాడు, ఎనిమిది నుంచి తొమ్మిదికి పోయేవాడు, ఆ సీన్ గుర్తొచ్చి వాణ్ణి అడిగినా, ఏరా మీ క్లాసులో కూడా ఇట్లాంటివి ఉంటాయా అని. వాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "అవన్నీ నీకెందుకులే మామా" అన్నాడు. ఇంకోసారి అడగలా.

మేలో పని జరగలేదు. ఒకటి, టీవీ వెనక పెట్టే స్టిక్ మాటిమాటికీ ఆగిపోయేది, ముందు యాప్ తప్పనుకుని రెండుసార్లు రీసెట్ కొట్టినా, తీరా చెయ్యి పెట్టి చూస్తే కాలుతా ఉంది. టీవీ వెనక గాలాడదు, మా కడప ఎండ సంగతి తెలిసిందే కదా, రాత్రి పదకొండుకి కూడా గోడలు సెగ కొడతాయి. ఒక చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి స్టిక్‌ని టీవీ పక్కకి వేలాడేసినా, ఆ తర్వాత మళ్లీ ఆగలా. రెండోది, రోడ్డు తవ్వేటోళ్లు ఫైబర్ కేబుల్ తెంపేసినారు, ఆరు రోజులు నెట్ లేదు, ఫోన్ చేస్తే రేపొస్తాం రేపొస్తాం. ఆ ఆరు రోజులూ ఫోన్లోనే చూసినా, రోజుకి 1.5 జీబీ ప్యాక్, నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా వాడకం 'సేవ్ డేటా'లో పెడితే రెండు ఎపిసోడ్లు నిమ్మళంగా చూడొచ్చు. 'మ్యాగ్జిమమ్ డేటా'లో పెట్టుకుని ఒక ఎపిసోడ్‌కే డేటా అయిపోయిందని ఏడ్చేవాళ్లు ఇది చేసి చూడండి.

జూన్‌లో ది పిట్. వారానికొకటి వచ్చేటప్పుడు చూల్యా, 15 ఎపిసోడ్లూ వచ్చేసినాక జియోహాట్‌స్టార్‌లో కూర్చున్నా. ఒక ఎపిసోడ్ అంటే ఒక గంట డ్యూటీ, పిట్స్‌బర్గ్‌లో ఎమర్జెన్సీ వార్డు, పొద్దున ఏడుకి మొదలవుతుంది. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ దాదాపు ఉండదు, ఇది మొదట గమనించలేదు, మూడో ఎపిసోడ్‌లో ఎందుకింత భయమేస్తుందబ్బా అని చూస్తే మ్యూజిక్ లేకపోవడమే. మందుల పేర్లు నాకు రోజూ వినేవే కాబట్టి ఒక పక్క వాళ్లతో పాటు నేనూ డోసు చెప్పుకుంటా చూసినా, మా అమ్మ నవ్వింది. ఒక ముసలాయన ఆఖరి ఘడియల్లో ఉంటే కొడుకూ కూతురూ వెంటిలేటర్ గురించి తగువులాడుకుంటారు, డాక్టర్ వాళ్లకి నాలుగు మాటలు చెప్పమని నేర్పిస్తాడు, నువ్వంటే ప్రేమ, థాంక్యూ, నిన్ను క్షమించినా, నన్ను క్షమించు, అంతే. షాపుకి చీటీ పట్టుకుని అట్ల మొహాలతో వచ్చేవాళ్లని వారానికి ఇద్దర్నైనా చూస్తా నేను. రెండో స్థానం దీనిదే, ఎవరేమన్నా.

అదే నెల స్క్విడ్ గేమ్ మూడో సీజన్, ఆరు ఎపిసోడ్లు. ఆ రాత్రి 7 వేసిన మనిషి మూడు వారాల తర్వాత "పసిబిడ్డ" అని ఒక్క మాట రాసి పెన్ను పక్కన పెట్టినాడు. అయిపాయ.

ఇంకో ప్రాక్టికల్ విషయం, జూన్ 17 నుంచి ప్రైమ్‌లో యాడ్స్ మొదలైనాయి, వద్దంటే ఏడాదికి 699 అదనం. నేను కట్టలా, యాడ్ వచ్చినప్పుడు డైరీ రాసుకుంటా.

ఆగస్టులో మయసభ, సోనీలివ్, దేవ కట్టా తీసింది. ఆది పినిశెట్టీ చైతన్యరావూ, ఇద్దరు స్నేహితులు రాజకీయాల్లోకి వచ్చి చెరో దారి పట్టే కథ, పేర్లు మార్చినారు గానీ ఎవరెవరో కడపోళ్లకి ఒకరు చెప్పాల్నా. ఇది ఒంటరిగా చూసింది కాదు, నాయనతో చూసినా, ప్రతి పది నిమిషాలకీ రిమోట్ లాక్కుని పాజ్ కొట్టి "ఇట్ల కాదురా జరిగింది" అంటాడు. నాయనా ఇది కల్పితం అని ముందే వేసినారు చూడు అంటే "కల్పితమైతే మరి ఆ మీసం అట్ల ఎందుకు పెట్టినారు" అంటాడు. ఒక్కో ఎపిసోడ్‌కి గంటన్నర పట్టింది మాకు. సిరీస్‌గా నాకు 7, కొన్నిచోట్ల డైలాగులు మీటింగ్ ఉపన్యాసాల మాదిరి ఉన్నాయి, కానీ మూడు వారాలకి గుర్తున్నది సీన్లు కాదు, నాయన పాజ్ కొట్టి చెప్పిన కథలు. వాటిని రాయడానికి డైరీలో వేరే పేజీ తెరిచినా.

ఆండోర్ రెండో సీజన్, 12 ఎపిసోడ్లు, బాగుంది, స్టార్ వార్స్ ఏం తెలియకపోయినా అర్థమవుతుంది, మొదటి మూడు నిదానంగా పోతాయి ఆగద్దండి. సెవరెన్స్ రెండో సీజన్ రెండు ఎపిసోడ్లకి ఆపేసినా, మొదటి సీజన్ సగమే చూసి ఇది పెట్టుకోవడం నా తప్పే.

ఇప్పటికి లిస్ట్ ఇట్లుంది: అడోలెసెన్స్, ది పిట్, పాతాళ్ లోక్ 2, ఆండోర్ 2, బ్లాక్ వారెంట్. ఆ రాత్రుల మార్కుల లెక్కన అయితే బ్లాక్ వారెంట్ పాతాళ్ లోక్ కన్నా పైన ఉండాల, కానీ మూడు వారాలకి బ్లాక్ వారెంట్‌లో ఒక ఎపిసోడే గుర్తుంది, పాతాళ్ లోక్‌లో మూడు. మయసభని ఐదో ప్లేసులో పెట్టమని నాయన గొడవ. పెట్టలా.

స్ట్రేంజర్ థింగ్స్ ఆఖరి ఎపిసోడ్ మనకి జనవరి 1న పడుతుంది, అది వచ్చే ఏడాది డైరీ. ఫ్యామిలీ మ్యాన్ 3 మాత్రం చూసేసినా, మళ్లీ ఈశాన్యమే, మళ్లీ జైదీప్ అహ్లావతే, ఈసారి పోలీసు కాదు విలన్. డిసెంబర్ 14న అయిపోయింది, మార్కు 7. అలారం జనవరి 4కి పెట్టినా, ఐదో గడి ఇంకా ఖాళీగానే ఉంది.