కొత్తపట్నంలో అరిసెల దొంగ

కత్తీ రక్తం లేని పల్లెటూరి డిటెక్టివ్ కథలంటే నాకు ప్రాణం. అందులో పిల్లి కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఈ సంక్రాంతికి కొత్తపట్నంలో మా అమ్మమ్మ ఇంట్లో అలాంటిదే నిజంగా నడిచింది.

డబ్బాలో అరిసెలు రోజూ తగ్గిపోతున్నాయి. "ఇంకెవరు పిన్నీ, మీ పిల్లే" అని పక్కింటి అత్త తేల్చేసింది. నాకు మనసొప్పలేదు. పిల్లులకు తీపి రుచి తెలియదు. తీపిని గుర్తుపట్టడానికి కావాల్సిన ఒక జన్యువు వాటిలో పనిచేయదని 2005లోనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. చేప తలకాయ కోసం వీధి అదిరేలా అరిచే పిల్లి, బెల్లం కోసం స్టీలు డబ్బా మూత తీసి, తిని, మళ్ళీ బిగించి పెడుతుందా?

చివరికి దొంగను పట్టించింది కూడా అదే. మధ్యాహ్నం తాతయ్య పడకకుర్చీలో కునుకు తీస్తుంటే, ఆయన తువ్వాలు కొసను వదలకుండా నాకుతోంది. తీపి తెలియకపోయినా నెయ్యి వాసన తెలుస్తుంది కదా! ముడి విప్పితే సగం కొరికిన అరిసె, రాలిన నువ్వులు.

అసలే షుగర్ ఉన్న మనిషి. అమ్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని "ఏందయ్యా ఇది?" అంది. తాతయ్య కళ్ళు తెరవకుండానే, "పిల్లి పెట్టుంటది" అన్నాడు.

ఇలాంటి కథల్లో నాకు నచ్చేది ఇదే. దొంగా, పట్టుకున్నవాళ్ళూ రాత్రికి ఒకే పంక్తిలో కూర్చుని పులుసన్నం తింటారు. డబ్బా మాత్రం ఇప్పుడు బీరువాలో ఉంది. పిల్లికి ఆ పూట గుప్పెడు నెత్తళ్ళు ఎక్కువే పడ్డాయి.