తలుపుకు ఇవతల

మాది సూళ్లూరుపేట. రాకెట్ వెళ్లే రోజు మేడ మీద చాప పరుచుకుని కూర్చోవడం మా ఇంట్లో పండగే. అమెరికాలో చిన్న ఉపగ్రహాల కంపెనీలో ఉద్యోగం వచ్చిందనగానే అమ్మ, "అయితే ఇక రాకెట్లను దగ్గరి నుంచి చూస్తావన్నమాట" అంది. ఐదేళ్లయింది. ఇంతవరకూ చూడలేదు.

కారణం ఐటార్ అనే ఆయుధ ఎగుమతుల నిబంధన. దాని దృష్టిలో రాకెట్ కూడా క్షిపణి జాతిదే. పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేనివాడికి దాని డ్రాయింగు చూపిస్తే, పక్క కుర్చీలో కూర్చోబెట్టి చూపించినా సరే, విదేశానికి ఎగుమతి చేసినట్టే లెక్క. ప్రత్యేక అనుమతి ఉండాలి. నాది హెచ్-1బి. రాకెట్ కంపెనీవాళ్లతో సమావేశం మొదలవుతుంటే కాఫీ కప్పు తీసుకుని లేచి బయటికి వచ్చేస్తాను. ఇప్పుడు నాకెవరూ చెప్పనక్కర్లేదు.

అలా లైసెన్సుల పనిలో పడ్డాను. ఆ దరఖాస్తులు చాలావరకు ఎవరైనా చదవగలిగేవే కాబట్టి నాకు అడ్డు లేదు. రేడియో వాడకానికి అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అనుమతి. కెమెరా ఉంది కాబట్టి నోవా అనుమతి; భూమిని ఫోటో తీయాలంటే వాతావరణం చూసే సంస్థ గడప తొక్కాలి మరి! ప్రయోగానికి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ లైసెన్సు తెచ్చుకోవలసింది రాకెట్ కంపెనీయే అయినా, మా పెట్టెలో ఏముందో చెప్పే కాగితాలు మేమే ఇవ్వాలి. పని ముగిసిన ఐదేళ్లలోపు ఉపగ్రహం కిందికి దిగి కాలిపోతుందని కూడా లెక్క కట్టి చూపాలి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఒక కథ చెబుతారు. స్వార్మ్ అనే కంపెనీ మామిడి తాండ్ర దిమ్మంత ఉపగ్రహాలు నాలుగు తయారు చేసింది. మందం 2.8 సెంటీమీటర్లు. అంత చిన్నవైతే రాడార్లకు ఆనవేమోనని 2017 డిసెంబరులో ఎఫ్‌సీసీ అనుమతి నిరాకరించింది. అయినా 2018 జనవరి 12న నాలుగూ ఎగిరిపోయాయి. చివరికి ఆ కంపెనీ 9 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. అవి ఎక్కింది పీఎస్ఎల్‌వీ-సీ40, మా శ్రీహరికోట నుంచే. కథ అక్కడికి రాగానే అందరూ నావైపు తిరుగుతారు, షార్ గేటు తాళంచెవి నా జేబులో ఉన్నట్టు.

మా ప్రయోగం షేర్ ఆటో లాంటిది. పదుల కొద్దీ ఉపగ్రహాలు ఒకే రాకెట్‌లో వెళ్తాయి. షేర్ ఆటోవాడైనా నిండేదాకా ఆగుతాడు, రాకెట్ ఆగదు. లైసెన్సు రాకపోతే మన స్థానంలో అంతే బరువున్న లోహపు దిమ్మ పెట్టి పంపేస్తారు. మా చివరి అనుమతి, ఉపగ్రహాన్ని అప్పగించాల్సిన తేదీకి సరిగ్గా ఆరు రోజుల ముందు వచ్చింది. ఆ ఆరు రోజుల కోసం నెల రోజులు నిద్ర లేకుండా గడిపితే, తీరా పైగాలుల వల్ల ప్రయోగమే రెండుసార్లు వాయిదా పడింది.

మూడోసారి సెలవు పెట్టి, కాలిఫోర్నియాలోని రాకెట్ ప్రయోగ కేంద్రం వాండెన్‌బర్గ్ వెళ్లాను. లోపలికి కాదు, లోంపాక్ ఊరి దగ్గర రోడ్డు పక్కకు. ఉదయం పది దాటినా పొగమంచు విడలేదు. ఎదుటి ముళ్లకంచె తప్ప ఏమీ కనిపించడం లేదు. ఉన్నట్టుండి ఆ తెలుపులో ఒక మూల పసుపు పులుముకుంది. కాసేపటికి కారు అద్దాలు గలగలలాడాయి, ఛాతీ మీద ఎవరో డప్పు వాయించినట్టయింది. అంతే, మళ్లీ అంతా తెలుపే.

ఫోను మోగింది. అక్కడ అర్ధరాత్రి.

"భలే వెళ్లింది నాన్నా! ఫోనులో చూశాను, మంట కూడా ఎంత స్పష్టంగా కనిపించిందో" అంది అమ్మ. "నువ్వు అక్కడే ఉన్నావుగా, ఎలా ఉంది?"

"కనిపించలేదమ్మా" అన్నాను. "వినిపించింది."